ఆర్సీ హెలికాప్టర్‌కు స్కేల్ బాడీ: మొదటి కోత నుంచి చివరి కోటు దాకా

"బాడీ అదిరింది అన్నా, రంగు ఎక్కడ కొట్టించినావు?" అని అడిగేవాళ్లే ఎక్కువ. లోపల ఎట్లా బిగించావని అడిగేవాళ్లు తక్కువ. స్కేల్ బాడీ అంటే రిమోట్‌తో ఎగిరే ఆర్సీ హెలికాప్టర్‌కు తొడిగే, అసలు హెలికాప్టర్ రూపంలో ఉండే డొల్ల, దాన్నే షెల్ అంటాం. నా మొదటి బాడీకి రంగు బ్రహ్మాండంగా కుదిరింది. మూడో ఫ్లైట్‌కే మోటారు పినియన్ స్క్రూ వదులైంది. అలెన్ కీ దూర్చడానికి సందు లేదు, మెకానిక్స్ (మోటారు, గేర్లు, రోటర్, తోకతో సహా లోపలి యంత్రం) మొత్తాన్ని షెల్‌కు అరల్డైట్‌తో శాశ్వతంగా అంటించేసి ఉన్నా, దాంతో రెండు నెలలు కూర్చుని చేసిన బాడీని పక్కనుంచి హ్యాక్సా బ్లేడుతో కోసుకోవాల్సి వచ్చింది. అందుకే కింద ప్రతి పనికీ ముందు ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇది మళ్లీ ఎట్లా ఊడొస్తుంది?

ఇక్కడ చెప్పేది తయారుగా దొరికే ఫైబర్‌గ్లాస్ షెల్ గురించి. అచ్చు దగ్గర్నుంచి మనమే చేసుకోవడం వేరే కథ.

1. ముందు బాడీ లేకుండా ఎగరాలి

కనీసం పది బ్యాటరీలైనా ఉత్త మెకానిక్స్‌ను ఎగరేయండి. తోక నిలకడగా ఉందా, బ్లేడ్లు ఒకే మట్టంలో తిరుగుతున్నాయా, ఎక్కడైనా సన్నగా వణుకు ఉందా చూసుకోండి. బయట ఉన్నప్పుడు చిన్నగా అనిపించే వణుకు బాడీలోకి వెళ్లాక పెద్దదవుతుంది, పైగా ఎక్కడినుంచి వస్తుందో కనపడదు.

సైజు విషయానికొస్తే (450, 500 అనేవి ఆర్సీ హెలికాప్టర్ల సైజు పేర్లు) 450 చవకే, కానీ లోపలికి చెయ్యి పట్టదు. మొదటిసారికి 500 సైజు మేలు. 425 మిల్లీమీటర్ల బ్లేడ్లు వేస్తే రోటర్ వ్యాసం 970 మిల్లీమీటర్లు వస్తుంది. అసలు బెల్ 206 జెట్‌రేంజర్ రోటర్ 10.16 మీటర్లు, అంటే మనది సుమారు పదిన్నరో వంతు. ఈ లెక్క ముందే వేసుకుంటే పైలట్ బొమ్మ, సీట్లు, అక్షరాల సైజు అన్నీ దాన్నిబట్టే తేలతాయి.

మొదటి మోడల్‌గా జెట్‌రేంజర్‌నే ఎందుకు చెప్తానంటే దానికి రెండే బ్లేడ్లు, మీ దగ్గరున్న హెడ్ (బ్లేడ్లు బిగించే పై భాగం) మార్చక్కర్లేదు. మన సైన్యం వాడే చేతక్ హెలికాప్టర్ కావాలని మనవాళ్లలో చాలామందికి మోజు, నాకూ ఉంది. దాని రోటర్ 11.02 మీటర్లు, మూడు బ్లేడ్లు, కాబట్టి హెడ్ మార్చాలి, సెట్టింగ్ మళ్లీ మొదటినుంచి. ఒక్క తమాషా ఏమిటంటే, పైనుంచి చూస్తే చేతక్ రోటర్ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది, మన హాబీ మెకానిక్స్ చాలావరకు అదే వైపు. జెట్‌రేంజర్ దానికి ఎదురు. అది పట్టుకుని అడిగేవాడు మీకు తగిలితే టీ తాగించి పంపండి.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- 3 మిల్లీమీటర్ల బిర్చ్ ప్లై, ఫ్రెట్‌సా
- నిదానంగా గట్టిపడే ఎపాక్సీ, 100 నుంచి 160 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) నేత గ్లాస్ క్లాత్
- ఫెవిక్విక్ (తాత్కాలికంగా పట్టి ఉంచడానికి మాత్రమే)
- వాటర్ పేపర్: 80, 120, 240, 400, 800, 1000, 1500
- ఎం3 బోల్టులు, ప్లైలో దిగే గోళ్ల నట్లు, థ్రెడ్ లాకర్
- ఒక గ్రాము దాకా చూపే వంటింటి డిజిటల్ కాటా
- మాస్కు, గ్లవ్స్, కళ్లద్దాలు
- మూడున్నర అడుగుల గ్రానైట్ ముక్క

గ్రానైట్ ఎందుకంటే, బాడీ వంకర లేకుండా కట్టాలంటే కింద బల్ల మట్టంగా ఉండాలి. మా ఒంగోలులో అది సమస్యే కాదు. చీమకుర్తి రాయి పక్కనే, ఇల్లు కట్టే ఏ వీధిలో చూసినా వంటింటి గట్టు కోయగా మిగిలిన నున్నటి ముక్క గోడకు ఆనించి ఉంటుంది. అడిగితే ఊరికే ఇస్తారు. దానిమీద పొడవునా ఒక మధ్యగీత గీసుకోండి, ఇక కొలతలన్నీ ఆ గీత నుంచే.

రెజిన్ దగ్గర నేను చేసిన తప్పు మీరు చేయకండి. కొత్తపట్నంలో ఫైబర్ బోట్లు బాగుచేసే ఒకన్న దగ్గర రెజిన్, మ్యాట్ ముక్క తెచ్చుకుని, థర్మాకోల్‌ను బాడీలోకి గాలి లాగే గూడు ఆకారంలో చెక్కి దానిమీద పూశా. వెనక్కి తిరిగి కప్పు కడుక్కుని వచ్చేలోపు థర్మాకోల్ ఎండకు పెట్టిన ఐస్‌లా గుంట పడిపోయింది. బోట్లకు వాడేది పాలిస్టర్ రెజిన్, అందులో స్టైరీన్ ఉంటుంది, అది థర్మాకోల్‌ను తినేస్తుంది. ఎపాక్సీ తినదు. ఆ మ్యాట్ కూడా మనకు పనికిరాదు, పడవకు బరువు లెక్క కాదు, మనకు ప్రతి గ్రామూ లెక్కే. అన్నకు చెప్తే "థర్మాకోల్ మీద ఎవడైనా ఏస్తాడా" అని నవ్వాడు.

గాజు పొడి గురించి కూడా ఇక్కడే చెప్తున్నా. కోసేటప్పుడు, రుద్దేటప్పుడు తడిపి చేయండి, మాస్కు తీయొద్దు. దురద పెడితే గోకకుండా చన్నీళ్లతో కడుక్కోండి. ఆ చొక్కాను ఇంట్లోవాళ్ల బట్టలతో కలిపి ఉతకడానికి వేయొద్దు.

3. షెల్ కడగడం

కొత్త షెల్ మీద అచ్చునుంచి ఊడిరావడానికి పూసిన మైనం ఉంటుంది. కంటికి కనపడదు. దానిమీద రంగు వేస్తే ఆర్నెల్లకు పొరలు పొరలుగా లేస్తుంది.

అంట్లు తోమే లిక్విడ్, మెత్తటి స్క్రబ్బర్‌తో లోపలా బయటా రుద్ది కడగండి. కడిగాక నీళ్లు చల్లి చూడండి. తామరాకు మీద బొట్లలాగా నిలిస్తే మైనం ఇంకా ఉన్నట్టే, మళ్లీ కడగాలి. నీళ్లు పలచటి పొరగా పరుచుకుంటే పోయినట్టు. ఆ తర్వాత షెల్‌ను ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, తలకు నూనె రాసుకున్న రోజైతే అసలే వద్దు.

కడిగిన షెల్‌ను వారం రోజులు వెచ్చటి గదిలో వదిలేయండి. అప్పటికీ పూర్తిగా ఆరని రెజిన్ ఉంటే ఇప్పుడే గట్టిపడుతుంది. తొందరపడి రంగు వేస్తే తర్వాత ఎండ తగిలినప్పుడు లోపలి నేత గళ్లు రంగులోంచి పైకి తేలతాయి.

4. మెకానిక్స్ కూర్చోబెట్టడం

అసలు పని ఇదే. ఒక ఆదివారం మొత్తం దీనికే ఇచ్చేయండి, మధ్యలో లేవొద్దు.

ముందు ఏమీ అంటించకుండా ఉత్తినే పెట్టి చూడాలి. షెల్‌ను గ్రానైట్ మీద మధ్యగీతకు సరిగ్గా నిలబెట్టి, రెండు పక్కలా పుస్తకాలో ఇటుకలో ఆనించండి. మెకానిక్స్ దించి మూడు చూడండి: మెయిన్ షాఫ్ట్ పై కన్నం మధ్యలోకి వస్తోందా, టెయిల్ బూమ్ (మెకానిక్స్ నుంచి వెనక్కి వెళ్లే తోక కడ్డీ) షెల్ తోక గొట్టం మధ్యలో ఉందా, పక్కనుంచి చూస్తే షాఫ్ట్ వాలు డ్రాయింగ్‌లో ఉన్నట్టే ఉందా.

తర్వాత కింద రెండు పక్కలా పొడవాటి ప్లై పట్టీలు. మెకానిక్స్‌కు అడుగున ల్యాండింగ్ స్కిడ్ బిగించే నాలుగు కన్నాలుంటాయి కదా, వాటిలోంచే బోల్టులు ఈ పట్టీల్లోకి దిగాలి. నట్లు పట్టీ అడుగున ముందే దించి ఎపాక్సీ వేయండి, బాడీ మూశాక అక్కడికి వేలు వెళ్లదు.

వరుస ఇదీ:

- షెల్ లోపల అంటించే చోట 80 నంబర్ కాగితంతో గరుకు చేసి, థిన్నర్ గుడ్డతో తుడవండి
- పట్టీలను మెకానిక్స్‌కు బోల్టులతో బిగించి, మొత్తాన్ని కలిపి షెల్‌లోకి దించండి
- షాఫ్ట్, బూమ్ మళ్లీ చూసుకోండి
- నాలుగు చోట్ల ఒక్కో చుక్క ఫెవిక్విక్
- ఇంకోసారి చూడండి, వంకరుంటే ఇప్పుడే ఊడదీయడం తేలిక
- బోల్టులు తీసి మెకానిక్స్ బయటికి తీయండి
- పట్టీ, షెల్ కలిసే మూల పొడవునా ఎపాక్సీ, దానిమీద రెండంగుళాల వెడల్పు గ్లాస్ క్లాత్ పట్టీ

మెకానిక్స్ బయటికి తీయడం అన్న మెట్టు దాటేసినవాళ్లకు ఎపాక్సీ కారి గేర్‌లో పడుతుంది. ఒకటి రెండుసార్లు తీసి పెట్టి చూస్తే ఎక్కడ ఇరుక్కుంటోందో కూడా తెలుస్తుంది.

మా దగ్గర ఇంకో చిక్కు ఉంది. మే నెలలో, రోహిణి కార్తెలో ఎపాక్సీ కలిపితే డబ్బాలో చెప్పిన టైమ్‌లో సగం కూడా ఆగదు, కప్పులోనే వేడెక్కి పొగ వస్తుంది. తెల్లారుజామున చేయండి, కొంచెం కొంచెంగా కలపండి, కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పరచండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలప్పుడు దీనికి రివర్స్: ఆరాక పైన జిడ్డు పొర తేలుతుంది. దాన్ని సబ్బునీళ్లతో కడిగి, రుద్ది, ఆ తర్వాతే ఇంకో పొర.

5. తోక

ఇక్కడ ఒక్కటే సూత్రం: బూమ్‌ను బాడీ పట్టుకోకూడదు. బూమ్ రవ్వంత పక్కకు ఉంటే తోక గొట్టంలో గట్టి ప్లై చక్రం పెట్టి లాగి బిగించేవాళ్లను చూశా. అప్పుడు బూమ్ వంగి, లోపల తోక రోటర్‌ను తిప్పే బెల్ట్ ఒక పక్కకు రాసుకుంటుంది, బెల్ట్ బదులు టార్క్ ట్యూబ్ (తిరిగే కడ్డీ) అయితే బేరింగ్ కూస్తుంది. చక్రం కన్నం బూమ్ కంటే రెండు మిల్లీమీటర్లు పెద్దది చేసి, ఆ సందులో మెత్తటి ఫోమ్ చుట్టండి.

టెయిల్ బ్లేడ్‌కు, నిలువు రెక్కకు మధ్య ఖాళీ కనీసం చిటికెనవేలు దూరేంత. బ్లేడ్‌ను చేత్తో రెక్క వైపు వంచి నొక్కి చూడండి, అప్పుడూ తగలకూడదు.

6. కోతలు, గాలి దారి

కిటికీలు, బ్యాటరీ మూత, గాలి కన్నాలు అన్నీ రంగుకు ముందే. పెన్సిల్ గీతకు ఒక మిల్లీమీటర్ లోపలే కోసి, మిగతాది కాగితంతో రుద్ది గీత దాకా తీసుకురండి. మూలలు కోసుగా వదిలితే చీలిక అక్కడినుంచే మొదలవుతుంది, ముందు మూలలో గుండ్రటి కన్నం వేసి అప్పుడు కోయండి.

ముక్కు భాగం మొత్తం ఊడొచ్చేలా నాలుగు చిన్న బోల్టులు, బ్యాటరీ మూతకు అయస్కాంతాలు. బ్యాటరీ మార్చడానికి స్క్రూడ్రైవర్ తీయాల్సి వస్తే మీరు వారానికే విసిగిపోతారు.

ఒంగోలు ఎండలో మూసిన బాడీ అంటే ప్రెషర్ కుక్కరే. ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నడిపే సర్క్యూట్), మోటారు రెండూ లోపలే ఉడుకుతాయి. ముక్కు కింద గాలి లోపలికి రావడానికి ఒక దారి, వెనక పొగగొట్టాల దగ్గర బయటికి పోవడానికి ఇంకో దారి ఉండాలి, బయటికి పోయేది పెద్దదిగా ఉండాలి. తోకను నిలకడగా ఉంచే జైరో యూనిట్‌ను షెల్‌కు అంటించొద్దు, మెకానిక్స్ మీదే ఉండనివ్వండి.

7. రంగుకు ముందే ఒకసారి ఎగరేయండి

ఇది ఎవరూ చేయరు. అందరూ రంగు వేసి, ఫొటో తీసి, అప్పుడు ఎగరేస్తారు, అప్పుడు ఏదో తగిలిందని మళ్లీ కోస్తారు.

ముందు బరువు తూకం చూడాలి. మెయిన్ బ్లేడ్లను బూమ్‌కు అడ్డంగా తిప్పి, హెడ్ దగ్గర రెండు పక్కలా వేళ్లు పెట్టి పైకెత్తండి. ముక్కు రవ్వంత కిందికి వాలాలి. తోక వాలితే బ్యాటరీ ముందుకు జరపండి, చాలకపోతే ముక్కులో సీసం.

ఒక లెక్క గుర్తుంచుకోండి. షాఫ్ట్‌కు 600 మిల్లీమీటర్ల వెనక తోక మీద 20 గ్రాముల లప్పం, రంగు ఎక్కించారనుకోండి. దాన్ని తూచడానికి షాఫ్ట్‌కు 150 మిల్లీమీటర్ల ముందున్న ముక్కులో 80 గ్రాములు వేయాలి. మొత్తం 100 గ్రాములు, దేనికీ పనికిరాని బరువు. అందుకే తోక మీద లప్పం పెట్టేటప్పుడు చెయ్యి బిగపట్టుకోండి.

తర్వాత రేడియో రేంజ్ చెక్, బాడీ పూర్తిగా మూసి. షెల్‌లో కార్బన్ క్లాత్ ఉంటే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను అడ్డుకుంటుంది, యాంటెనా కొసలు బయటికి తీయాలి.

హోవర్ (గాలిలో ఒకేచోట నిలపడం) రెండు నిమిషాలు. దించి, వెంటనే మూత తీసి మోటారు, ఈఎస్‌సీ ముట్టుకోండి. వేలు పెట్టి ఉంచలేనంత వేడిగా ఉంటే గాలి దారి పెంచాలి. బాడీ బరువుకు తోక ఊగడం కూడా మారుతుంది, జైరో గెయిన్ (జైరో ఎంత గట్టిగా సరిదిద్దాలో చెప్పే సెట్టింగ్) మళ్లీ సరిచూసుకోండి.

8. లప్పం, ప్రైమర్

షెల్ రెండు సగాలు కలిసిన అతుకు గీత పొడవునా ఉంటుంది. దాన్ని 120తో చదును చేసి, కార్లకు టింకరింగ్ చేసేవాళ్లు వాడే రెండు భాగాల లప్పం పలచగా లాగండి. ఒకేసారి మందంగా పెడితే లోపల బుడగలుంటాయి, రుద్దేటప్పుడు గుంటలు బయటపడతాయి.

పెట్టిన లప్పంలో ముప్పాతిక వంతు రుద్ది తీసేయాలి. చెయ్యి నొప్పి పుట్టకపోతే సరిగ్గా రుద్దలేదనే.

ప్రైమర్ ఒక కోటు వేసి, ఆరాక పైనుంచి నల్ల స్ప్రేను దూరం నుంచి చిలకరించినట్టు కొట్టండి. చెక్కముక్కకు 400 కాగితం చుట్టి నీళ్లతో రుద్దండి. నలుపు పోకుండా మిగిలిన చోటే గుంట. వేలితో తడిమితే తెలియని గుంటను ఈ నలుపు పట్టిస్తుంది.

9. ప్యానెల్ గీతలు, రివెట్లు

బాడీకి ప్రాణం వచ్చేది ఇక్కడే, నాకు అన్నింటికంటే ఇష్టమైన పని కూడా.

గీతలకు: ఒక మిల్లీమీటర్ కంటే సన్నటి టేపు డ్రాయింగ్ ప్రకారం అంటించి, పైన ప్రైమర్ మూడు పలుచటి కోట్లు. ఆరాక 800తో మెల్లగా రుద్దితే టేపు అంచు కనపడుతుంది, అప్పుడు లాగేయండి. టేపు ఉన్న చోట సన్నటి గాడి మిగులుతుంది.

రివెట్లకు: తెల్ల ఫెవికాల్‌ను కొద్దిగా నీళ్లతో గంజిలా చేసి, మొన విరగ్గొట్టి చదును చేసిన సూది ఉన్న సిరంజిలో ఎక్కించండి. పెన్సిల్ గీత మీద ఐదారు మిల్లీమీటర్లకొక చుక్క. గంజి మజ్జిగలా పలచనైతే చుక్క పరుచుకుంటుంది, చిక్కనైతే చుక్కకు తోక లేస్తుంది. నేను తంటాలు పడుతుంటే మా పెద్దక్క చూసి, "ఇట్లా తే" అని సిరంజి లాక్కుని తోక ఒక పక్క మొత్తం గంటలో పెట్టేసింది. రోజూ చుక్కల ముగ్గేసే చెయ్యి మరి, ఒక్క చుక్క వరస తప్పలేదు. ఆ పక్కనే నేను ఫొటోలు తీస్తా. తప్పు పడిన చుక్కను తడిగా ఉన్నప్పుడే తడిగుడ్డతో తుడిచేయొచ్చు.

10. రంగు

ఉదయం తొమ్మిది నుంచి పదకొండు మధ్య కొట్టండి. తర్వాత సముద్రపు గాలి లేస్తుంది, తేమ, దుమ్ము రెండూ తెస్తుంది. వానాకాలం సాయంత్రం ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ కొడితే రంగు మీద పొగ పట్టినట్టు తెల్లబడుతుంది. కొట్టే ముందు నేల మీద నీళ్లు చల్లితే దుమ్ము లేవదు.

లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. మాస్కింగ్ టేపును రంగు పూర్తిగా ఎండకముందే, దానిమీదికే వెనక్కి మడిచినట్టు లాగండి, నిలువుగా పీకితే అంచు చిట్లుతుంది.

పైన 2కే క్లియర్ (హార్డెనర్ కలిపి కొట్టే రంగులేని మెరుపు పూత) మాత్రం ఇంట్లో వద్దు. దాని హార్డెనర్‌లో ఐసోసైనేట్ ఉంటుంది, గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. ఆటోనగర్‌లో కార్లకు రంగు కొట్టే మేస్త్రీకి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు "పలచగా రెండు కోట్లు చాలన్నా, ఇది ఎగిరేది" అని గట్టిగా చెప్పండి, లేకపోతే బంపర్‌కు కొట్టినట్టు కొట్టి బరువు పెంచుతారు.

తప్పులు, వాటి మందులు:

- నారింజ తొక్కలా గుంటలు: మరీ దూరం నుంచి కొట్టారు, లేదా రంగు చిక్కనైంది. ఆరాక 1000తో నీళ్లు పోసి రుద్ది మళ్లీ పలచటి కోటు
- కారడం: ముట్టుకోవద్దు, రెండు రోజులు ఆరనిచ్చి చెక్కముక్కతో రుద్దండి
- చేపకన్నుల్లా గుండ్రటి చుక్కలు: కింద నూనె, మైనం ఉంది. మొత్తం తీసి కడగాల్సిందే, పైన ఇంకో కోటు వేస్తే పోదు
- ముడతలు: ఎనామెల్ మీద ఘాటైన థిన్నర్ రంగు కొట్టారు. ఏ రెండు రంగులు కలుపుతున్నా ముందు పాత షెల్ ముక్క మీద చూడండి

రంగుల ఎంపికలో నా మాట: అడుగు భాగం పై భాగం కంటే బాగా తేడాగా ఉండాలి. యాభై మీటర్ల దూరంలో సాయంత్రపు వెలుగులో అది మీ వైపు వస్తోందో పోతోందో తెలియక వచ్చే టెన్షన్ అనుభవించినవాడికే తెలుసు. పూర్తి నలుపు వద్దు, ఎండలో కారులో వదిలితే ఎపాక్సీ మెత్తబడి బాడీ వంకరపోతుంది. యాంటెనా దగ్గర అల్యూమినియం పొడి కలిసిన వెండి రంగు కూడా వద్దు.

11. అద్దాలు, చివరి బిగింపు

కిటికీ ప్లాస్టిక్‌ను రంగు అయ్యాకే పెట్టాలి, తెల్ల జిగురుతో. ఫెవిక్విక్ వాడితే దాని ఆవిరికి అద్దం లోపల తెల్లగా మంచు పట్టినట్టు అవుతుంది, అది పోదు. థిన్నర్‌తో తుడవొద్దు, సబ్బునీళ్లు చాలు.

మైదానానికి వెళ్లేముందు:

- లోహానికి లోహం తగిలే ప్రతి బోల్టుకూ థ్రెడ్ లాకర్
- ఏ వైరూ గేర్‌కు, బెల్ట్‌కు తగలకుండా టై
- తూకం మళ్లీ, రంగు బరువు కలిశాక
- రేంజ్ చెక్ మళ్లీ, రంగు వేశాక
- బ్యాటరీతో కలిపి మొత్తం బరువు: 500 సైజు సాధారణంగా రెండు కిలోలు దాటుతుంది. 2021 డ్రోన్ రూల్స్‌లో రెండు కిలోల లోపు మైక్రో, దాటితే స్మాల్, కాబట్టి అంకె రాసి పెట్టుకోండి
- ఎగరేసే చోటు డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో గ్రీన్ జోన్‌లో ఉందా

మొదటి రోజు గాలి లేవకముందే, పొద్దున్నే వెళ్లండి. హోవర్, దించడం, మూత తీసి చూడడం. మళ్లీ హోవర్. మూడో బ్యాటరీ అయ్యాక ఇంటికొచ్చి మెకానిక్స్‌ను పూర్తిగా బయటికి తీసి ప్రతి స్క్రూ చూడండి. నాకు ఇప్పుడు నాలుగు బోల్టులు, ఆరు నిమిషాలు పడుతోంది.